గోడ ఎవరి చేతిలో ఉన్నది?

(పాత భవనాలను ప్రదర్శనశాలలుగ మార్చడంపై జరిగిన చిత్రకారుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పాత బంగళాలను గ్యాలరీలు చేసే ముచ్చటే నడుస్తున్నది. ఆర్కిటెక్టులు మాట్లాడిండ్రు, ఇంజనీర్లు మాట్లాడిండ్రు. డంగుసున్నం, పగుళ్లు, ఏసీ, ఫోకస్ లైట్లు అన్నీ చర్చకు వచ్చినయి. నేను ఆర్కిటెక్టును కాదు, పెయింటర్‌ను అసలే కాదు. డిగ్రీ చదువుకుని పేపర్ల పని చేసుకుంటున్నోణ్ని. ఉద్యమం నడిచిన రోజుల్లో మీలో కొందరు రాత్రుళ్లు బ్యానర్లు రాస్తుంటే పక్కన కూసుని మాటలు అందించినోణ్ని. అందుకని మీకు టెక్నిక్ చెప్పే సాహసం చెయ్యను. ఒక్క ప్రశ్న మాత్రం మీ ముందు పెడుత. హాలులో గోడ ఎక్కడ నిలబెట్టాలె, ఎప్పుడు తీసెయ్యాలె అన్నది ఎవరు నిర్ణయిస్తరు? పొద్దుటి నుంచి ఈ ప్రశ్న ఒక్కరు కూడ అడగలేదు. దీనికోసం ఒక ఇంటి కథ చెప్త. అది వియన్నా నగరంలో కళాకారుల సంఘం కట్టుకున్న ఇల్లు. దాని పేరు సెసెషన్. నేను వియన్నా పోలేదు. ప్లాన్లు, పాత ఫొటోలు, పుస్తకాలు పట్టుకుని చదివిన ముచ్చట ఇది.

పేరు వినంగనే కొందరు నవ్వుతున్నరు. అవును, సెసెషన్ అంటే వేరుపడుడు. పాత రోమ్‌లో సామాన్య జనం పెద్దల పెత్తనం భరించలేక ఊరు విడిచి గుట్ట ఎక్కి కూసున్నరట. ఆ సంఘటనకున్న లాటిన్ పేరే వీళ్లు తీసుకున్నరు. అయితే నేను ఈ పూట ఆ పేరు చూపి చప్పట్లు కొట్టించుకోవడానికి రాలేదు. వేరుపడినంక వాళ్లు ఏం కట్టుకున్నరు, కట్టుకున్నదాన్ని లోపల ఎన్నిసార్లు మార్చుకున్నరు అన్నదే నా ముచ్చట.

1861 నుంచి వియన్నాలో చిత్రకారులకు, శిల్పులకు ఒక పెద్ద సంఘం ఉండేది. 1868లో క్యూన్‌స్ట్లర్‌హౌస్ అని సొంత భవనం కూడ కట్టుకున్నరు. కళాకారుల ఇల్లు అని ఆ మాటకు అర్థం. పేరుకు అందరి ఇల్లే. లోపల మాత్రం ఏ బొమ్మ పెట్టాలె, ఎక్కడ పెట్టాలె అన్నది కమిటీ పెద్దలే చూసుకునేది. ఆ కాలం పద్ధతిలో గోడ మీద జాగా కనబడొద్దు. నేల నుంచి కప్పు దాక ఫ్రేముకు ఫ్రేము ఆనించి తగిలిస్తరు. పెద్దవాళ్ల బొమ్మ కండ్లకెదురుగ ఉంటది. కొత్త పిలగాని బొమ్మ కప్పు కింద ఉంటది, మెడ నొప్పి పెట్టేదాక తలెత్తితే తప్ప కనబడదు. బొమ్మను వద్దని చెప్పకుంటనే లేకుంట చెయ్యొచ్చు, పైన తగిలిస్తే సరిపోతది. ఇది మీకు నేను చెప్పే పని లేదు. మన దగ్గర గ్రూప్ షోలలో తలుపు వెనక జాగా దొరికినోళ్లు ఈ హాలులోనే ఉన్నరు.

అమ్మకాల సంగతి ఇంకొకటి. బొమ్మ అమ్ముడుపోతే సంఘానికి కమీషన్. కాబట్టి అమ్ముడయ్యే బొమ్మకే మర్యాద. హెర్మన్ బార్ అనే విమర్శకుడు అప్పట్లోనే వాదించిండు, వియన్నాలో తగాదా పాత కళకు, కొత్త కళకు మధ్యన ఉన్నదనుకోవద్దు, దుకాణానికీ కళకూ మధ్యన ఉన్నది అని. ఆయన మాటల్లో కొంత ఊపు ఎక్కువే. అసలు విషయం మాత్రం పట్టుకున్నడు.

1897 ఏప్రిల్ 3న గుస్తావ్ క్లిమ్ట్, కార్ల్ మోల్, కొలొమాన్ మోజర్, యోసెఫ్ హోఫ్‌మన్, యోసెఫ్ మరియా ఓల్బ్రిష్ లాంటోళ్లు కలిసి కొత్త సంఘం పెట్టుకున్నరు. మే నెలలో పాత సంఘం నుంచి బయటకొచ్చిండ్రు. క్లిమ్ట్ అధ్యక్షుడు. 84 ఏండ్ల రుడోల్ఫ్ ఫాన్ ఆల్ట్ గౌరవాధ్యక్షుడు. పిలగాండ్లు తిరగబడ్డప్పుడు ఒక ముసలాయన వాళ్ల దిక్కు వచ్చి నిలబడ్డడంటే చిన్న సంగతి కాదు. అయితే పెట్టుకున్నోళ్లలో ఒక్క ఆడమనిషి కూడ లేదు. స్వేచ్ఛ గురించి అంత మాట్లాడిన వాళ్లకు ఇది తట్టలేదు. ఈ మాట పక్కకు పెట్టి వాళ్లను పొగడడం నాకు ఇష్టం లేదు.

బయటకొచ్చిండ్రు గని నిలబడటానికి జాగా లేదు. మొదటి ప్రదర్శన 1898 మార్చిలో ఉద్యాన సంఘం వాళ్ల హాలు కిరాయికి తీసుకుని పెట్టిండ్రు. అక్కడ్నే పద్ధతి మార్చిండ్రు. బొమ్మలను కండ్ల ఎత్తుకు దించిండ్రు. బొమ్మకు బొమ్మకు నడుమ జాగా ఇడిచిండ్రు. మొక్కలు పెట్టిండ్రు. గోడలను బట్టతో కప్పిండ్రు. 57 వేల మంది వచ్చి చూసిండ్రు. చక్రవర్తి ఫ్రాన్స్ యోసెఫ్ కూడ వచ్చి పోయిండు. ఆ ప్రదర్శన మీద వచ్చిన ఆమ్దానీ సొంతిల్లు కట్టుకునే ధైర్యం ఇచ్చింది.

స్థలం కత ఇంకో తీరు. మొదట రింగ్‌స్ట్రాసె అనే పెద్ద రోడ్డు మీద జాగా అడిగిండ్రు. నగరపాలక సంస్థలో కొందరు అడ్డం పడ్డరు. అక్కడి నుంచి పక్కకు జరిపి ఫ్రీడ్రిష్‌స్ట్రాసెలో ఇచ్చిండ్రు. అది కూడ ఎట్ల? ఇది తాత్కాలిక ప్రదర్శన మండపం, పదేండ్లకు మించి ఉండొద్దు అనే షరతు మీద. 1897 నవంబర్‌లో కౌన్సిల్ ఒప్పుకున్నది. 1898 ఏప్రిల్ 28న పునాది రాయి. నవంబర్ 12న ప్రదర్శన మొదలు. ఏడు నెలలు నిండలేదు. పదేండ్లకని కట్టింది 125 ఏండ్లు దాటి ఇంకా నిలబడ్డది. ఆస్ట్రియా వాళ్ల 50 సెంట్ల యూరో నాణెం మీద ఈ భవనం బొమ్మనే ఉంటది.

పైసలు ఎవరిచ్చిండ్రంటే, పెద్ద మొత్తం కార్ల్ విట్గెన్‌స్టైన్ ఇచ్చిండు. ఉక్కు ఫ్యాక్టరీల యజమాని, తత్వవేత్త లూడ్విగ్ విట్గెన్‌స్టైన్‌కు తండ్రి. ధనవంతుని కళ వేరు, పేదవాని కళ వేరు అనే తేడా మాకు లేదని వీళ్లు తమ పత్రికలో రాసుకున్నరు. కట్టింది మాత్రం ఉక్కు సావుకారి సొమ్ముతో. నేను దీన్ని ఎత్తిపొడుపుగ చెప్తలేను. సొమ్ము ఇచ్చినోడు ఏ బొమ్మ పెట్టాలెనో చెప్పకుంట ఉంటే ఆ సొమ్ము తీసుకోవచ్చు. తెల్లారి ఫోన్ చేసి మా బావమరిది బొమ్మలు పెట్టుమంటేనే కష్టం.

కట్టినోడు ఓల్బ్రిష్. అప్పటికి 30 ఏండ్లు. బయటికి చూస్తే కిటికీలు లేని తెల్లటి గోడలు. మీద బంగారు పూత పూసిన ఇనుప ఆకుల గుమ్మటం. దగ్గరనే కూరగాయల మార్కెట్ ఉండె. ఇంకేముంది, జనం ఆ గుమ్మటానికి బంగారు పత్తగోబి అని పేరు పెట్టిండ్రు. గుమ్మం మీద ప్రతి కాలానికి తన కళ, కళకు తన స్వేచ్ఛ అనే అర్థమొచ్చే మాట చెక్కిండ్రు. రాసిచ్చినాయన లూడ్విగ్ హెవెషి అనే పత్రికల మనిషి. మా వృత్తివాడు ఒకడు ఆ గుమ్మం మీద ఉన్నడని నాకు చిన్న గర్వం.

గుమ్మటం ఫొటో అందరూ దిగుతరు. నేను మీకు చూపించాలనుకున్నది మాత్రం గుమ్మటం వెనక హాలు. ఓల్బ్రిష్ ఆ హాలు లోపల పక్కా గోడలు కట్టలేదు. కప్పును మోసే కొన్ని స్తంభాలు నిలబెట్టిండు, అంతే. మిగిలిందంతా జరుపుకునే అడ్డుగోడలు. మీద గాజు కప్పు. వెలుతురు నేరుగ పడకుంట మెత్తబడి అంతటా సమంగ దిగుతది. కిటికీలు లేవు కాబట్టి చుట్టూ గోడ మొత్తం బొమ్మలకే. ప్రదర్శన అయిపోంగనే అడ్డుగోడలు విప్పుతరు. మళ్లా వచ్చే ప్రదర్శనకు వేరే ఆయన వేరే తీరుగ నిలబెడతడు. ఒకసారి ఓల్బ్రిష్, ఒకసారి హోఫ్‌మన్, ఒకసారి మోజర్. అంటే ప్రదర్శన ఎట్ల అమర్చాలన్నది కూడ ఒక కళాకారుని పనే అయింది. సంఘం సభ్యుడే గోడ జరుపుతడు. మేకు కొట్టొద్దు అని బోర్డు పెట్టే మేనేజర్ నడుమ లేడు.

దీని ఫలితం తొందర్లనే కనబడ్డది. 1900 చివర జరిగిన 8వ ప్రదర్శనకు గ్లాస్గో నుంచి చార్ల్స్ రెన్నీ మాకింటోష్, ఆయన భార్య మార్గరెట్ మాక్‌డొనాల్డ్ వచ్చిండ్రు. వాళ్లకు ఒక గది ఇచ్చిండ్రు. కుర్చీ, అద్దం, గోడ మీది పలక, పూలగుత్తి అన్నీ కలిపి ఆ గదినే ఒక్క కృతి చేసిండ్రు. కుర్చీ చేసే వడ్ల పనికి, తైలవర్ణ చిత్రానికి ఒక్క గదిలో సమాన మర్యాద దొరికింది. అదే ఏడాది మార్చిలో క్లిమ్ట్ తన 'ఫిలాసఫీ' బొమ్మ పెట్టిండు. అది విశ్వవిద్యాలయం కోసం ప్రభుత్వం గీయించింది. 87 మంది ప్రొఫెసర్లు సంతకాలు పెట్టి అది మాకొద్దన్నరు. క్లిమ్ట్ కొన్నేండ్లకు అడ్వాన్సు వాపసు ఇచ్చి బొమ్మలు తనే తీసుకున్నడు. నడుమ ఆ బొమ్మలను జనం చూసింది ఈ హాలులోనే. సర్కారు సందేహించినా, ప్రొఫెసర్లు కాదన్నా, తాళపుచెవి కళాకారుల సంఘం దగ్గర ఉన్నది కాబట్టే అవి గోడ ఎక్కినయి.

ఇగ 1902 ముచ్చట కొంచెం నిదానంగ చెప్త. అసలు నేను వచ్చిందే దానికోసం.

ఆ ఏడాది ఏప్రిల్ 15 నుంచి జూన్ 27 దాక 14వ ప్రదర్శన. లైప్‌జిగ్ శిల్పి మాక్స్ క్లింగర్ రంగురంగుల రాళ్లతో, కంచుతో బీథోవెన్ విగ్రహం చేసిండు. ఆ ఒక్క విగ్రహం చుట్టూ 21 మంది కళాకారులు కలిసి మొత్తం భవనాన్ని గుడి లెక్క మార్చిండ్రు. అమరిక బాధ్యత హోఫ్‌మన్‌ది. విగ్రహం నడిమి హాలులో ఉన్నది. గని వచ్చినోళ్లను నేరుగ దాని దగ్గరికి పోనియ్యరు. ముందు ఎడమ పక్క హాలులకు పంపుతరు. అక్కడ మూడు గోడల పైభాగం పొడుగున క్లిమ్ట్ గీసిన పట్టీ చిత్రం ఉంటది. పొడవు 34 మీటర్లు, ఎత్తు రెండు మీటర్ల పైన. సుఖం కోసం మనిషి పడే ఆరాటం ఒక గోడ, అడ్డం నిలబడ్డ దుష్టశక్తులు ఎదురుగోడ, కవిత్వంలో, సంగీతంలో దొరికే శాంతి ఇంకో గోడ. ఆ మూడో గోడలో కింద ఒక ఖాళీ కోసిండ్రు. అందులోంచి చూస్తే నడిమి హాలులో విగ్రహం కనబడతది. మొదట దూరంగ చూసి, తర్వాత దగ్గరికి పోతరు.

ఇప్పుడు గమనించుండ్రి. ఆ ఖాళీకి పైన క్లిమ్ట్ తన పట్టీలో ఏ బొమ్మా గీయలేదు. ఉత్తగ ఇడిచిపెట్టిండు. కింది నుంచి విగ్రహం కనబడుతుంటే మీద ఇంకో బొమ్మ దేనికి అని. ఆ బోసి జాగా ఇప్పటికీ ఆ చిత్రంలో అట్లనే ఉన్నది. విగ్రహం లైప్‌జిగ్ పోయింది. అడ్డుగోడ విప్పిండ్రు. హోఫ్‌మన్ అమరిక ఫొటోలలో మిగిలింది. ఆ గది ఎట్ల ఉండెనో ఈ బోసి జాగా మాత్రం ఇంకా చెప్తున్నది. నాకు ఆ పట్టీ మొత్తంలో అందరూ చెప్పే ముద్దు దృశ్యం కన్నా ఈ ఖాళీనే ఎక్కువ ఇష్టం.

ఆ పట్టీని కలకాలం ఉంచుదామని కూడ అనుకోలేదు. ప్రదర్శన కాంగనే పగలగొట్టే లెక్క. అందుకే చౌక సరుకు వాడిండ్రు. చెక్క పట్టీల మీద రెల్లు పరిచి గచ్చు పూసిండ్రు. దాని మీద అద్దం ముక్కలు, గుండీలు, నకిలీ నగలు, కర్టెన్ రింగులు అతికిచ్చిండ్రు. చూడటానికి 60 వేల మందికి దగ్గర వచ్చిండ్రు. తిట్టినోళ్లు కూడ తక్కువేం లేరు, అశ్లీలమన్నరు, పిచ్చి అన్నరు. 1903 నవంబర్‌లో క్లిమ్ట్ ఒక్కని బొమ్మలతో 18వ ప్రదర్శన పెట్టాలనుకున్నరు కాబట్టి పట్టీ అప్పటిదాక బతికిపోయింది. ఆ ప్రదర్శనను మోజర్ అమర్చిండు. గదులన్నీ తెల్లగ చేసి, గోడకు ఒకటి రెండు బొమ్మలే పెట్టిండు. ఈ రోజు లోకంలో ఏ గ్యాలరీకి పోయినా తెల్ల గోడ, నడుమ ఒక్క బొమ్మ. ఆ అలవాటుకు తొలి అడుగులు వేసిన గదుల్లో ఇవి ముఖ్యమైనవి. మన ఆర్కిటెక్టు మిత్రులు పొద్దున తెల్ల గోడ గురించి ఆకాశం నుంచి దిగిన సూత్రం లెక్క మాట్లాడిండ్రు. అది ఒకాయన ఒక ప్రదర్శనకు, ఒక చిత్రకారుని బొమ్మలకు చేసుకున్న ఎంపిక. పటచిత్రానికో, చెక్క బొమ్మకో అదే తెల్లదనం పనికొస్తదో లేదో అవి చేసేటోళ్లను అడిగి చూడాలె.

ఇంత మంచిగ నడిచిన సంఘం 1905లో చీలింది. క్లిమ్ట్, మోల్, హోఫ్‌మన్, మోజర్, వాళ్ల వెంట ఇంకొందరు బయటకు పోయిండ్రు. తగాదా దేని మీద? మీత్కె గ్యాలరీ అనే అమ్మకాల గ్యాలరీతో సంబంధం పెట్టుకునే విషయం మీద. దుకాణదారీ మీద కోపంతో పాత ఇల్లు ఇడిచినోళ్లు, దుకాణం మీది తగాదాతోనే కొత్త ఇల్లు కూడ ఇడిచిండ్రు. 1908లో క్లిమ్ట్ మనుషులు వేరే చోట తాత్కాలిక మండపాలు వేసుకుని ప్రదర్శన చేస్తే, ఆయన 'ముద్దు' బొమ్మ అక్కడనే మొదటిసారి జనం చూసిండ్రు, ప్రభుత్వం కొన్నది. పత్తగోబి గుమ్మటం కింద కాదు. అడ్డుగోడలు అట్లనే ఉన్నయి, జరిపేటోళ్లు పోయిండ్రు. ఆ తర్వాత కొన్నేండ్లు ఆ హాలులో చెప్పుకునే ముచ్చట తక్కువ. మళ్లా 1918 మార్చిలో ఎగోన్ షీలె బొమ్మలు పెట్టినప్పుడే ఊపిరొచ్చింది. అప్పటికి క్లిమ్ట్ పోయి నెల దాటింది. అదే అక్టోబర్‌లో షీలె కూడ పోయిండు.

భవనం పడ్డ కష్టాలు జల్ది చెప్త. మొదటి ప్రపంచ యుద్ధంలో దవాఖాన అయింది. 1938లో నాజీలు వచ్చినంక గుమ్మం మీది మాట తీసేసిండ్రు. 1939లో సంఘాన్ని రద్దు చేసి పాత క్యూన్‌స్ట్లర్‌హౌస్‌లోనే కలిపిండ్రు. వేరుపడి 42 ఏండ్లకు బలవంతంగ కలిపిండ్రన్నట్టు. 1945లో బాంబు పడ్డది, మంట పెట్టిండ్రు, బయటి గోడలు మిగిలినయి. యుద్ధం కాంగనే కళాకారులు సంఘాన్ని మళ్లా పెట్టుకుని ఇల్లు బాగు చేసుకున్నరు, గుమ్మం మీది మాట కూడ తిరిగొచ్చింది.

పట్టీ కథ ఇంకా అయిపోలేదు. కార్ల్ రైనింగ్‌హౌస్ అనే కళాభిమాని దాన్ని కొని, ముక్కలుగ కోయించి గోడ నుంచి దించిండు. 12 ఏండ్లు ఒక ఫర్నిచర్ గోదాములో పడి ఉన్నది. 1915లో ఆగస్ట్ లెడరర్ కుటుంబం కొన్నది. వాళ్లు యూదులు. 1938లో నాజీలు వాళ్ల ఆస్తితో పాటు ఇది కూడ గుంజుకున్నరు. యుద్ధం తర్వాత కొడుకు ఎరిక్ లెడరర్‌కు కాగితం మీద వాపసు ఇచ్చిండ్రు గని దేశం దాటించొద్దు అని నిషేధం పెట్టిండ్రు. ఆయన ఉండేది స్విట్జర్లాండులో. చివరికి 1973లో ఆస్ట్రియా ప్రభుత్వానికే అమ్మిండు. నిషేధం లేకుంటే ఆ ధరకు అమ్మేటోడు కాదని వారసులు 2013లో వాపసు కోసం దావా చేసిండ్రు. 2015లో ప్రభుత్వ సలహా సంఘం వాపసు ఇయ్యనవసరం లేదని తేల్చింది. చట్టం ప్రకారం అది ముగిసి ఉండొచ్చు. ఇష్టం లేని మనిషి చేతికి కలం ఇచ్చి రాయించుకున్న సంతకం ఎట్లుంటదో మనకు ఎరుకే. ఆ గదిలోకి పోయే ప్రతి మనిషికి బొమ్మ అర్థంతో పాటు ఈ లెడరర్ కథ కూడ గోడ మీద పెద్ద అక్షరాలతో కనబడాలె అన్నది నా అభిప్రాయం. ప్రదర్శన అమర్చడం అంటే లైట్లు, గోడలు ఒక్కటే అనుకుంటే ఈ పని ఎవరిదీ కాకుంట పోతది.

పదేండ్లు పట్టి పట్టీని బాగు చేసిండ్రు. ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. దీన్ని ఎక్కడ పెట్టాలె? 1985–86లో ఆర్కిటెక్టు అడోల్ఫ్ క్రిషానిట్స్ భవనం మొత్తం మరమ్మతు పట్టుకున్నడు. అందరికీ తోచే జవాబు ఏంది? పైన ఎడమ పక్క హాలులో, పుట్టిన చోటనే మళ్లా పెట్టుండ్రి. బయటి దేశాల నుంచి జనం వచ్చేది దానికోసమే. టికెట్లు అమ్ముడుపోయేది దానికోసమే. విగ్రహానికి నకలు కూడ చేయించి 1902ను మొత్తం తిరిగి నిలబెడితే వద్దనేటోడు ఎవడు?

వాళ్లు అట్ల చెయ్యలేదు. నేల కింద ఒక కొత్త గది కట్టి, పట్టీని అందులో పెట్టిండ్రు. అసలు ఎంత ఎత్తున ఉండెనో గమనంలో పెట్టుకుని అమర్చిండ్రు, తేమ, వేడి అదుపులో ఉండేటట్టు చేసిండ్రు. 1986 నుంచి అక్కడనే ఉన్నది, బెల్వెడేర్ మ్యూజియం నుంచి అప్పు మీద. పైన పెద్ద హాలును ఖాళీగ ఇడిచిండ్రు. ఆ ఖాళీ ఈ రోజు బొమ్మ గీస్తున్నోళ్లకు. పక్కన చిన్న గ్యాలరీ ఒకటి, కాగితం మీది పనికి ఇంకో గది.

కొందరు దీన్ని తప్పు పట్టిండ్రు, పట్టీ దాని వెలుతురుకు దూరమైందని. ఆ మాటలో నిజం ఉన్నది. గాజు కప్పు నుంచి దిగే పగటి వెలుగుకు గీసిన బొమ్మను నేలమాళిగలో దీపాల కింద చూస్తున్నం. అయినా నేను క్రిషానిట్స్ దిక్కే. పట్టీ పైకి ఎక్కితే ఆ పక్క హాలు శాశ్వతంగ పోతది. తర్వాత నడిమి హాలులో 1902 ఫొటోలు వస్తయి. తర్వాత క్లిమ్ట్ వాడిన అంగీ వస్తది. పదేండ్లల్ల అది కళాకారుల ఇల్లు కాకుంట పోయి, చనిపోయిన కళాకారుల మ్యూజియం అయితది. సభ్యులు మీటింగు పెట్టుకోవడానికి కూడ మ్యూజియం ఆఫీసరును పర్మిషన్ అడగాలె. ఇప్పుడైతే ఏమైంది? కింద పట్టీ చూసే యాత్రికుని టికెట్ సొమ్ము పైన పేరు తెలియని కళాకారునికి ఆసరా అయితది. పాతది కొత్తదానికి అన్నం పెడుతున్నది. ఉల్టా అయితలేదు.

దీనికి కారణం భవనం గొప్పదనం ఒక్కటే కాదు. ఇప్పటికీ ఆ ఇంటిని నడిపేది కళాకారుల సంఘమే. సభ్యులు తమలోంచి ఎన్నుకున్న బోర్డు కూసుని ఎవరికి హాలు ఇయ్యాలెనో నిర్ణయిస్తది. మరమ్మతు చేసిన క్రిషానిట్స్ కూడ 1991లో ఆ సంఘానికి అధ్యక్షుడైండు. ఆర్కిటెక్టు బయట నుంచి వచ్చి డ్రాయింగు పడేసి పోయేటోడు కాదు. రేపు తనే ఆ హాలును నడపాల్సినోడు.

వాళ్లు ఇచ్చే స్వేచ్ఛ కొన్నిసార్లు మనల్ని కూడ ఇబ్బంది పెడతది. 1998లో నూరేండ్ల పండుగకు మార్కుస్ గైగర్ అనే కళాకారుడు ఆ తెల్ల భవనానికి బయటంతా ఎర్ర రంగు వేసిండు. మన దగ్గరైతే హెరిటేజ్ కమిటీ ఆ రాత్రే స్టేషన్ల కంప్లైంటు ఇచ్చేది. 2010లో స్విట్జర్లాండు కళాకారుడు క్రిస్టోఫ్ బ్యుషెల్ నేలమాళిగలో ఒక నిజం క్లబ్బునే తెచ్చి పెట్టిండు. క్లిమ్ట్ పట్టీ చూడాలంటే దాంట్లోంచి నడిచిపోవాలె. ఏం క్లబ్బు అన్నది పెద్దలున్న ఈ సభలో చెప్పను. పేపర్లు గోలగోల చేసినయి. నాకు కూడ ఆ పని గొప్పగ అనిపించలేదు. ఒక్కటి మాత్రం గుర్తు చేస్త. 1902లో క్లిమ్ట్ పట్టీని తిట్టినోళ్లు వాడిన మాటలు, 2010లో వాడిన మాటలు దాదాపు ఒక్కటే.

2017–18లో మళ్లా మరమ్మతు. ఆకులకు కొత్తగ బంగారు పూత పూసిండ్రు. అందరూ దాని ఫొటోలే వేసిండ్రు. నాకు నచ్చింది లిఫ్టు. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి ఒకరి సాయం అడగకుంట కిందికి పోయి పట్టీ చూడొచ్చు. కట్టిన 120 ఏండ్లకు ఆ తలుపు తెరుచుకున్నది. మనం ఈ రోజు చర్చిస్తున్న బంగళాకు గుమ్మం ముందట తొమ్మిది మెట్లున్నయి, నేను లెక్కపెట్టిన. పొద్దుటి డ్రాయింగులలో ర్యాంపు కనబడలేదు. కెఫెటేరియా మాత్రం రెండు చోట్ల ఉన్నది.

ఇంకో రెండు మాటలు చెప్పి దిగిపోత. ఈ బంగళా విషయంలో గోడల రంగు గురించి, టైల్స్ గురించి మన అభిప్రాయం అడిగిండ్రు, సంతోషం. హాలు ఎవరికి, ఎన్ని రోజులు, ఎంత కిరాయికి ఇయ్యాలె అనే కమిటీలో చిత్రకారులు ఎంతమంది ఉంటరు అన్నది కాగితం మీద ఎక్కడా లేదు. అది ముందుగాల రాయించుకోవాలె, టైల్స్ వెనక చూసుకోవచ్చు. రెండోది, ఎడమ పక్క గదుల్లో పాత తైలచిత్రాలను శాశ్వతంగ బిగించాలని ప్రతిపాదన ఉన్నది. ఆ బొమ్మలంటే నాకూ గౌరవమే. కాని ఉన్న నాలుగు గదుల్లో రెండు అట్ల పోతే మిగిలిన రెండింటికోసం మీరే తన్నుకుంటరు. వెనక గోదాము ఖాళీగ ఉన్నది, కప్పు గట్టిగ ఉన్నది. పాత బొమ్మలకు తేమ, వెలుతురు అదుపులో పెట్టే గది అక్కడ కట్టొచ్చు. ఇంజనీరు సారును టీ తాగేటప్పుడు అడిగిన. కుదరదు అనలేదు.

1902 ప్రదర్శన ప్లాను ఒకటి పెద్దగ జిరాక్స్ తీసి తెచ్చిన. జనం ఎడమ హాలుకు ఎట్ల పోతరు, గోడలో ఖాళీ ఎక్కడుంటది, అక్కడి నుంచి విగ్రహం దగ్గరికి ఎట్ల వస్తరు అన్నది పెన్సిలుతో గీత గీసి పెట్టిన. దాని పక్కనే మన బంగళా ప్లాను కూడ పెడుతున్న. భోజనాల తర్వాత కమిటీ కూసునే లోపల వచ్చి చూడుండ్రి, గీయాలనిపించినోళ్లు గీయుండ్రి. రబ్బరు కూడ అక్కడనే ఉన్నది.